గోడ మీద గీత

శ్రోతలకు నమస్కారం.

బదిలీ మీద నేను కర్నూలు వచ్చింది మే నెలలో. పుట్టి పెరిగింది రాజమహేంద్రవరం. గోదావరి గట్టున పెరిగినవాళ్లకు ఏ ఊరెళ్లినా ముందు నది ఎక్కడుందో చూసుకోవడం అలవాటు. సామాను గదిలో పడేసి ఆ సాయంత్రమే తుంగభద్ర దగ్గరికి వెళ్లాను. వంతెన మీద నుంచి చూస్తే ఇసుక, బండరాళ్లు, అక్కడక్కడా మడుగులు. ఇక హంద్రీ అయితే ఎవరో చెబితే తప్ప నది అని తెలియలేదు. అలంపురం గుళ్లకు రాళ్లు మోసే బండ్లు నది దాటే ముందు ఇక్కడ ఆగి చక్రాలకు కందెన పూసుకునేవని, అందుకే ఈ ఊరు కందనవోలు అయిందని చెబుతారు. అవును మరి, బండ్లు దాటేంత నీళ్లే కదా అనుకున్నాను. నీళ్లు లేని ఊరు. ఆ మాట నా మనసులో గట్టిగా పడిపోయింది.

తర్వాత ఇంటి వేట. ఎవరిని అడిగినా ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అంటారు. ఇక్కడ మిలిటరీ ఉందా అని అడిగాను. కాదట. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు గుడారాల్లో కూడా ఆఫీసులు నడిచాయి. ఉద్యోగుల కోసం వెలిసిన ఆ క్యాంపుల పేర్లే ఇప్పటికీ నిలిచాయి. మూడేళ్లకే, 1956లో, రాజధాని హైదరాబాద్ వెళ్లిపోయింది. నాలాగే బదిలీ మీద వచ్చి పెట్టె సర్దుకున్నవాళ్లు అప్పుడు ఎందరో!

చివరికి కొండారెడ్డి బురుజు దాటి, పాతబస్తీలో ఒక ఇల్లు చూడటానికి వెళ్లాను. ఇంటావిడకు డెబ్బై దాటి ఉంటాయి. మా వైపు అలవాటుకొద్దీ "మామ్మగారూ" అన్నాను. "అవ్వా అను నాయనా, చాలు" అన్నది. బొరుగులతో ఉగ్గాని చేసి, రెండు మిరపకాయ బజ్జీలు పక్కన పెట్టి, తిన్నాకే ఇల్లు చూడమన్నది. మేం మరమరాలు అనేవే ఇక్కడ బొరుగులు. నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపు వేసి, పప్పుల పొడి చల్లుతారు.

కింది వాటా తలుపు కింద చెక్క ఒక రంగు, పైన చెక్క ఇంకో రంగు. ఎందుకని అడిగాను. అవ్వ మాట్లాడకుండా లోపలి గదిలోకి తీసుకెళ్లి గోడ చూపించింది. నేను చెయ్యెత్తితే అందేంత ఎత్తులో, గోధుమ రంగులో, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక గీత.

"నీళ్లు ఈడికొచ్చినాయి నాయనా."

2009 అక్టోబర్ 2. అంతకుముందు దాకా వానల్లేక అల్లాడిన ఏడాది అది. అలాంటిది తుంగభద్ర, హంద్రీ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం నిండి ఉంది. నీళ్లకు దారి లేదు, ఊళ్లోకి వచ్చేశాయి. అవ్వ మిద్దెక్కి ప్రాణం దక్కించుకుంది. దిగి వచ్చేసరికి బియ్యం, బట్టలు, పెళ్లి ఫోటోలు, అన్నీ బురద. తలుపు ఉబ్బిపోయి మూతపడలేదు. కింది చెక్క కోయించి కొత్తది వేయించింది. గదికి రంగు వేయించిన ప్రతిసారీ ఆ గీత వదిలేయమని పనివాళ్లకు ముందే చెబుతుందట.

బయటికి వచ్చి వీధి చివర కొట్టు దగ్గర ఆగాను. ఆయన షట్టర్ పైన చెయ్యి పెట్టి చూపించాడు. "నీళ్లు ఈడికొచ్చినాయి సార్." ఇస్త్రీ బండి ఆయన ఎదురింటి కిటికీ చూపించాడు. "ఈడికొచ్చినాయి."

వరద నాకు కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. మా ఇంట్లో పిల్లలకు కూడా ఎక్కాల్లా నోటికొచ్చిన అంకెలివి. కానీ ఎండిన నదిని చూసి నీళ్లు లేని ఊరనుకున్న నాకు, ఆ గీత ముందు చాలాసేపు మాట రాలేదు.

కొత్త ఊరు వెళ్లేవాళ్లకు ఈ రోజు ఒక్క సంగతి చెబుతాను. ఇల్లు చూసేటప్పుడు గాలి, వెలుతురు, కుళాయి, బడి ఎంత దూరం, అన్నీ అడుగుతాం. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగం. బ్రోకరు ఆ మాట చెప్పడు. అడ్వాన్సు ఇవ్వకముందే ఆ వీధిలో చాలాకాలంగా ఉన్న ముసలివాళ్లను అడగండి. నది ఎండి ఉన్నా సరే, అడగండి.

నేను అవ్వ ఇంట్లోనే పై వాటా తీసుకున్నాను. సామాను దింపిన రోజు ఆమె మెట్లెక్కి వచ్చింది. వంటిల్లు చూడలేదు, మంచాలు చూడలేదు.

"పిల్లల సర్టిఫికెట్లు, కాగితాలు యాడ పెట్టినావు నాయనా?"

అటక చూపించాను. తల ఊపి, కిందికి దిగి వెళ్లింది.

సెలవు.