అమ్మ అన్నందుకు ఫైన్

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకి థ్యాంక్స్. విదేశాల్లో ఇంగ్లీష్ టీచింగ్ అవకాశాల గురించి మాట్లాడమన్నారు. అది ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఈరోజు ఆగస్టు 29, గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం, ఈరోజు నేను చెప్పి తీరాల్సింది ఇంకొకటుంది.

నేను చేసింది దక్షిణ కొరియాలో, సియోల్‌కి గంటన్నర దూరంలో, ఒక యూనివర్సిటీ హాస్టల్లో మూడు వారాల సమ్మర్ క్యాంప్. అక్కడ ఇంగ్లీష్ టీచర్లకి మామూలుగా ఇచ్చే ఈ-2 వీసా అమెరికా, బ్రిటన్, కెనడా లాంటి ఏడు దేశాల వాళ్లకే. నాది అమెరికా పాస్‌పోర్ట్, నాకు కుదిరింది. ఇండియా వాళ్లకి 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా ఒప్పందం కింద అసిస్టెంట్ టీచర్‌గా వెళ్లే వీలుంది, కానీ టీచర్ అర్హత ఉండాలి. క్యాంపుల్లాంటి 90 రోజుల లోపు పనికి సి-4 అని వేరే వీసా. టూరిస్ట్ వీసా మీద వచ్చెయ్, తర్వాత చూసుకుందాం అని ఎవరన్నా వెళ్లకండి. పని గంటలు, జీతం ఇచ్చే తేదీ, టికెట్ ఖర్చు అన్నీ కాగితం మీద ఉండాలి. రోజుకి ఆరు గంటల క్లాసులు అని సంతకం పెట్టాను, రాత్రి హాస్టల్ డ్యూటీ కూడా ఉందని అక్కడికెళ్లాకే చెప్పారు.

సరే, అసలు సంగతికొస్తాను.

మొదటి రోజే పిల్లలందరికీ ఇంగ్లీష్ పేర్లు పెట్టేశారు. తలా కొన్ని క్యాంప్ నోట్లు ఇచ్చారు, ఉత్తుత్తి డబ్బు. ఇంగ్లీష్‌లో మాట్లాడితే ఇంకో నోటు, కొరియన్ మాట నోట్లోంచి వస్తే ఒకటి వెనక్కి. చివరి రోజు ఆ నోట్లతో పెన్సిళ్లు, బొమ్మలు కొనుక్కోవాలి. రెండో రోజు మధ్యాహ్నం, తొమ్మిదేళ్ల పిల్లాడు మెట్ల మీద జారిపడి మోకాలు చెక్కుకుపోయి "ఒమ్మా" అని ఏడ్చాడు. వాళ్లు అమ్మని అలాగే పిలుస్తారు, నాన్నని అప్పా అంటారు. నేను పరిగెత్తి లేపి రక్తం తుడిచాను. వాడు వెక్కుతూనే జేబులోంచి ఒక నోటు తీసి నాకిచ్చాడు. నేను తీసుకున్నాను. రూల్ కదా అని తీసుకున్నాను.

తెనాలిలో ఆరో తరగతిలో నేనూ కట్టాను, మాటకి రూపాయి. దాహమేస్తోందని పక్కనమ్మాయికి తెలుగులో చెప్పినందుకు. ఇక్కడ అలా ఫైన్ కట్టినవాళ్లు ఒకసారి చేతులెత్తండి. ఇంతమందా! దించకండి. ప్రిన్సిపాల్ గారూ, ఒక్కసారి ఇటు చూడండి.

కొరియాలో ఆ రాత్రే ఆ పిల్లాడి నోటు వాడికిచ్చేశాను. నా క్లాసులో ఫైన్ తీసుకోనని కోఆర్డినేటర్‌కి చెప్తే ఒప్పుకోలేదు, రోజూ సాయంత్రం లెక్క అడిగేవారు, నేను రోజూ సున్నా రాసేదాన్ని. పిల్లలు ఇంగ్లీష్ మానేశారా? లేదు. ఇది ఇంగ్లీష్‌లో ఏమంటారు అని కొరియన్‌లో అడిగే ధైర్యం వచ్చింది, అడిగిన ప్రతిసారీ ఒక కొత్త మాట నేర్చుకున్నారు. వాళ్లు బస్‌ని బొసు అంటారు, జ్యూస్‌ని జుసు అంటారు, ఇలాంటి మాటల చివర ఒక అచ్చు చేర్చనిదే వాళ్ల నోరు ఊరుకోదు. మనమూ బస్సు, జ్యూసు అనేవాళ్లమే కదా! అందుకే ఆ పిల్లల నాలుక ఎక్కడ ఆగుతోందో నాకు ఇట్టే తెలిసిపోయేది. అది నాకు ఏ ట్రైనింగూ నేర్పలేదు, తెలుగు నేర్పింది. ఆ భాషనే కదా ఇక్కడ రూపాయి ఫైన్ వేసి నా నోట్లోంచి పీకేయాలని చూశారు!

చివరి రోజు పిల్లలు సంతకి పరిగెడుతుంటే ఆ మోకాలు చెక్కుకున్న పిల్లాడొక్కడూ క్లాసులో ఉండిపోయాడు. బోర్డు మీద ఒమ్మా అని కొరియన్‌లో రాశాడు. దాని కింద నేను అమ్మ అని తెలుగులో రాశాను. వాళ్ల లిపిలో మకారం ఒక చిన్న చతురస్రం. వాడు నా చేతిలోంచి మార్కర్ తీసుకుని, తన మాటలో ఉన్న రెండు చతురస్రాలకీ గీత చుట్టాడు. తర్వాత నా మాట వైపు చూసి, మకి ఒకటి, కింద ఒత్తుకి ఒకటి చుట్టాడు.