తల్లి లేని కోడిపిల్లలను మందలో కలపడం

అందరికీ నమస్కారం. పెరటి కోళ్ల పెంపకంలో ఒక్క ఘట్టం గురించే ఈ రోజు మాట్లాడతాను. విడిగా పెంచిన పిల్లలను, ఇంట్లో ముందు నుంచీ ఉన్న కోళ్లలో కలిపే ఘట్టం అది. నెలల తరబడి కళ్లలో పెట్టుకుని సాకిన పిల్లలు అక్కడే దెబ్బతింటున్నాయి.

మన అమ్మమ్మలకు ఈ చిక్కు లేదు. నాటు పెట్ట 21 రోజులు పొదిగి, పిల్లలను వెంటేసుకుని తానే దొడ్డిలోకి వచ్చేది. ఏ కోడి దగ్గరకు వచ్చినా రెక్కలు విప్పి మీదికి దూకేది. రెండు నెలలు తిరిగేసరికి ఆ తల్లే పిల్లలను పొడిచి తరిమేసేది. అప్పటికే దేనికి దారి ఇవ్వాలో, దేని పక్కన గింజ ఏరుకోవచ్చో వాటికి తెలిసిపోయేది. ఇప్పుడు వనరాజా, గ్రామప్రియ పిల్లలు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన ఈ రకాలు గుడ్లు బాగా పెడతాయి కానీ పొదగవు. బల్బు వెచ్చదనంలో పెరిగిన పిల్లకు ఆ చదువు చెప్పే తల్లి లేదు. ఆ పని మనమే చేయాలి.

కోళ్లలో పెద్దా చిన్నా వరుస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరుప్ ఎబ్బె 1920ల తొలినాళ్లలోనే వివరించారు. పై కోడి కింది కోడిని నెత్తి మీద ఒక్క పోటు పొడుస్తుంది. కిందిది తల వంచి పక్కకు తప్పుకుంటుంది. అంతటితో తగవు తీరిపోతుంది. ఆ ఒక్క పోటుకు మీరు కర్ర పట్టుకుని పరుగెత్తకండి. కొత్త కోడి వచ్చినప్పుడు ఈ వరుస మళ్లీ తేలాలి, దాన్ని ఎవరూ ఆపలేరు.

ముందు టీకాలు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా, నాలుగో వారంలో మరోసారి, ఎనిమిదో వారంలో ఆర్‌టూబీ పడాలి. కలపడం ఆ తరువాతే, పది వారాలు దాటాక. సంతలో కొన్న కోడినైతే మూడు వారాలు దూరంగా ఉంచండి.

తరువాత దొడ్డిలోనే వల అడ్డుకట్టి, పిల్లలను అటువైపు రెండు వారాలు ఉంచండి. మేత గిన్నెలను వలకు చెరోవైపు దగ్గరగా పెట్టండి. ఎదురెదురుగా తినడం అలవాటైన కోళ్లకు పరాయితనం చాలావరకు పోతుంది.

పిల్లలను రాత్రిపూట దండెం మీద కూర్చోబెడితే, అవి కొత్తవన్న సంగతి తెల్లారేసరికి పాత కోళ్లు మరిచిపోతాయని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. రాత్రి సద్దుమణుగుతుంది, నిజమే. కానీ తెల్లవారాక గూటి తలుపు ఆలస్యంగా తీస్తే, పారిపోయే చోటు లేక పిల్లలు లోపలే దెబ్బలు తింటాయి. పాతవి మేతకు బయట తిరుగుతున్నప్పుడు వల తీయడమే నయం. ఒక్క పిల్లనే ఒంటరిగా మందలోకి ఎప్పుడూ వదలకండి. తాటాకులనో, పాత తలుపునో గోడకు వాల్చి ఉంచండి, దాని వెనుక చోటుకు రెండువైపులా దారి ఉండాలి. ఒకే దారి ఉన్న మూల పిల్లకు ఉచ్చు అవుతుంది.

ఇక అసలు విషయం. గాయమేదీ లేకుండా పిల్ల చనిపోతే దిష్టి తగిలిందంటారు. నిజానికి పాత పెట్టలు గిన్నె దగ్గరకు రానివ్వక ఎన్నో పిల్లలు ఆకలితో, దాహంతో చిక్కిపోతాయి. పొద్దుగూకే వేళ గూటికి చేరిన పిల్లను పట్టుకుని మెడ కింద మేత సంచి తడమండి. నిండుగా తగిలితే భయం లేదు. చేతికి ఖాళీగా తగిలితే ఆ రోజు దానికి తిండి దక్కలేదు. మేత, నీళ్లు మూడు నాలుగు చోట్ల పెట్టండి, ఒక చోటి నుంచి మరో చోటు కనబడకుండా ఉండాలి. దాణా మాత్రం అన్నింటికీ పెరిగే పిల్లల దాణాయే వేయండి. గుడ్ల కోళ్ల దాణాలో సున్నం, అంటే కాల్షియం, మూడున్నర శాతం దాకా ఉంటుంది, అది పిల్లల మూత్రపిండాలను పాడుచేస్తుంది. గుడ్లు పెట్టేవాటికి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో పెడితే, కావలసినంత అవే తింటాయి.

రక్తం కనబడితే క్షణం ఆగకండి. ఎర్రని చోటునే మిగతావన్నీ వచ్చి పొడుస్తాయి. ఆ పిల్లను తీసి, పసుపు, వేపనూనె రాసి, మానేదాకా వల వెనుకే ఉంచండి. ఒకే పెట్ట వెంటపడి పొడుస్తుంటే దాన్నే పట్టి నాలుగు రోజులు గంప కింద కమ్మండి. తిరిగి వచ్చేసరికి వరుసలో దాని చోటు తగ్గి ఉంటుంది, పిల్లలకు కాస్త ధైర్యం చిక్కుతుంది.

వల కట్టే తీరు చూస్తేనే తెలుస్తుంది. బయట చెట్టు కింద ఒకటి కట్టించాను, రండి, అక్కడే మీ సందేహాలు అడుగుదురు గాని.