ఎర్ర సీసా చేసిన నిర్వాకం

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? ఇవాళ వంటిల్లు లేదు, షాపింగ్ లేదు. గ్యారేజీలో నేల మీద కూర్చుని ఉన్నాను. ముందు ఈ బోల్టు చూడండి, కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. తల మధ్యలో అలెన్ కీ పట్టే ఆరు పలకల గుంట ఉండాలి కదా, అది అరిగి గుండ్రంగా అయిపోయింది. మా సైకిల్ వెనక క్యారియర్ బోల్టు ఇది. పోయిన ఆదివారం దీన్ని ఊడదీయడానికి మూడు గంటలు పట్టింది.

పోయినేడాది ఇదే బోల్టు రెండుసార్లు దారిలో ఊడిపోయింది. రెండోసారి క్యారియర్ ఒక పక్కకి ఒరిగి చక్రానికి రాసుకుంది, దాని మీద నా ఆఫీసు బ్యాగు. ఆ సాయంత్రమే మా ఆయన ఎర్ర రంగు థ్రెడ్‌లాకర్, అంటే బోల్టులు వదులవకుండా వేసే జిగురు, తెచ్చి నాలుగు బోల్టులకీ పట్టించేశారు. "గట్టిది వేస్తే పీడా పోతుంది" అన్నారు. నిజంగానే పోయింది, ఏడాదంతా ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు క్యారియర్ మార్చాల్సి వచ్చేసరికి మళ్లీ అవే కదల్లేదు.

నాన్నకి వీడియో కాల్‌లో చూపిస్తే మొదటి మాటే, "స్ప్రింగ్ వాషరు వెయ్యకపోయావా అమ్మలూ?" వేశాను నాన్నా, బోల్టు తల కింద ఆ చీలిక రింగు వేసినా ఊడింది. బోల్టు బిగించినప్పుడు అది కొద్దిగా సాగి, స్ప్రింగులా లాగుతూ రెండు ముక్కల్నీ పట్టి ఉంచుతుంది. అదురుకి ముక్కలు అడ్డంగా జరిగినప్పుడల్లా థ్రెడ్స్ (బోల్టు మీది మరలు) మధ్య పట్టు క్షణం పాటు జారి, బోల్టు వెంట్రుకవాసి వెనక్కి తిరుగుతుంది. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు దీన్ని యంత్రం మీద పెట్టి చూపించాడు. ఈ రకం పరీక్షల్లో మామూలు స్ప్రింగ్ వాషరు పెద్దగా ఆపలేదని తేలింది. నాన్న ఒప్పుకోలేదనుకోండి. "అయితే నైలాన్ రింగు ఉన్న నట్టు వెయ్యి" అన్నారు. అది మంచి సలహానే, కానీ ఈ బోల్టు నేరుగా ఫ్రేములోని మరల్లోకే వెళ్తుంది. వెనకాల నట్టు పెట్టే చోటు లేదు.

అందుకని మళ్లీ థ్రెడ్‌లాకరే. ఈసారి నేనే కొన్నాను. తెరిచి చూస్తే సీసా సగమే ఉంది! మోసపోయానని కాసేపు తిట్టుకున్నాను కూడా. తీరా చూస్తే అది అలా ఉండాల్సిందేనట. మామూలు జిగురు గాలి తగిలితే ఆరుతుంది, ఇది తద్విరుద్ధం. గాలి అందకుండా, ఇనుమో రాగో లాంటి లోహం తగిలితేనే గట్టిపడుతుంది. సీసాలో ఆ ఖాళీ, గాలిని కొద్దికొద్దిగా లోపలికి రానిచ్చే ఆ ప్లాస్టిక్కు, రెండూ అది ద్రవంగా ఉండటానికే. అమెరికాలో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ కెమిస్ట్రీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ 1953లో దీన్ని తయారుచేశారు. తర్వాత లాక్‌టైట్ అనే బ్రాండు అయింది అదే.

ఇక రంగుల సంగతి. లాక్‌టైట్‌లో ఊదా రంగు 222 అన్నిటికన్నా మెత్తనిది, కళ్లజోడు స్క్రూల్లాంటి చిన్నవాటికి. నీలం 242, 243 మధ్యరకం, చేతి పనిముట్లతోనే ఊడతాయి. ఎరుపు 271 అంటే ఇక అక్కడే ఉండిపోవాల్సినవాటికి. ఆకుపచ్చ 290 చాలా పల్చన, ముందే బిగించేసిన బోల్టు అంచున వేస్తే మరల్లోకి దానంతటదే పాకిపోతుంది. అయితే రంగు చూసి మాత్రం కొనకండి. అదే కంపెనీలో బేరింగులు పట్టించే 638 కూడా ఆకుపచ్చే, కంపెనీ మారితే లెక్క ఇంకా మారొచ్చు. నంబరు చూడండి, వెనకాల చిన్న అక్షరాలు చదవండి. మా ఆయన చదవలేదు.

బిగించేటప్పుడు అందరం ఎంత గట్టిగా పట్టుకోవాలనే ఆలోచిస్తాం. ఈ బోల్టుని మళ్లీ విప్పేది ఎప్పుడు, ఏ పనిముట్టుతో, పక్కన వేడికి పాడయ్యేది ఏముంది అని నేను ఇప్పుడు ముందే అడుగుతున్నాను. ఎందుకంటే ఎర్రదాన్ని వదిలించాలంటే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఇదేమో పెయింటు వేసిన అల్యూమినియం ఫ్రేము, మంట చూపిస్తే అంతే సంగతులు. ఇది తెలియక ముందు చల్లగా ఉండగానే బలంగా తిప్పాం, గుంట అరిగింది అప్పుడే. తర్వాత కిటికీలు తెరిచి, సోల్డరింగ్ ఐరన్ మొనని బోల్టు తల మీద ఆనించి కూర్చున్నాను. స్టెయిన్‌లెస్ స్టీలుకి వేడి పాకడమూ నెమ్మదే. అరిగిన గుంటలోకి కాస్త పెద్ద టార్క్స్ బిట్టుని (నక్షత్రం ఆకారం మొన ఉన్నది) సుత్తితో దిగ్గొట్టి, వేడిగా ఉండగానే తిప్పితే 'టక్'మంది. ఆ శబ్దానికి మా ఆయన లోపల్నుంచి పరిగెత్తుకొచ్చారు. చల్లారనిచ్చారో, మళ్లీ పట్టేసుకుంటుంది.

ఇప్పుడు కొత్త బోల్టులకి నీలం 243. ఫ్రేము మరల్లో మిగిలిన పాత జిగురు పొడిని వైర్ బ్రష్‌తో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. 243 కాస్త నూనె ఉన్నా ఓర్చుకుంటుంది, అయినా నాకు తుడిస్తేనే తృప్తి. రంధ్రం అవతలికి తెరిచి ఉంటే బోల్టు మీద, ఫ్రేములోకి దిగే భాగంలోనే వెయ్యాలి. ఇదిగో, ఒక్క చుక్క. అడుగు మూసుకుపోయిన రంధ్రమైతే చుక్క లోపలి మరల మీద వెయ్యాలి, లేకపోతే లోపలి గాలి దాన్ని బయటికి తోసేస్తుంది. బయటికి కారింది ఆరదు, గుడ్డతో తుడిచెయ్యండి. మడ్‌గార్డు లాంటి ప్లాస్టిక్ భాగాల దగ్గర జాగ్రత్త, పాలీకార్బొనేట్, ఏబీఎస్ లాంటివి దీనికి పగుళ్లిస్తాయి.

మామూలు స్టీలు మీద ఇది 24 గంటల్లో పూర్తిగా గట్టిపడుతుంది. స్టెయిన్‌లెస్, అల్యూమినియం లాంటివి దీనికి బద్ధకం లోహాలు, ఇంకా ఆలస్యం చేస్తాయి. తొందరుంటే యాక్టివేటర్ స్ప్రే దొరుకుతుంది. నాకు తొందర లేదు, రెండు రోజులు ఆఫీసుకి బస్సే.

చివరగా తెల్ల మార్కర్‌తో ప్రతి బోల్టు తల మీద నుంచి ఫ్రేము మీదికి ఒక గీత గీశాను, చూడండి. బోల్టు తిరిగితే గీత రెండు ముక్కలవుతుంది. నాన్న దాన్ని కూడా చూసి, "వాషరు మాత్రం తియ్యకే" అన్నారు. తియ్యలేదు, దాని మానాన అదీ ఉంది.