ఒడెన్స్ చలిలో నాలుగు రాకెట్లు

అందరికీ నమస్కారం. నేను ఉంటున్నది డెన్మార్క్‌లోని ఒడెన్స్ నగరంలో. విజయవాడలో ఉన్న మా తమ్ముడు ఈ మధ్య ఎప్పుడు ఫోన్ చేసినా, "అక్కా, నువ్వున్నది బ్యాడ్మింటన్ ఆటగాడు విక్టర్ ఆక్సెల్సెన్ పుట్టిన ఊరు కదా, అక్కడివాళ్లు ఏ రాకెట్‌తో ఆడుతున్నారో చూసి, నేను ఏది కొనుక్కోవాలో ఒక వీడియో చేసి పెట్టు" అని అడుగుతున్నాడు. వాడితో కలిసి ఉదయం పూట ఆడే మిత్రులందరికీ ఇదే సందేహమట. అందుకని ఈ రోజు వంట, వాతావరణం, సైకిళ్ల ముచ్చట్లన్నీ పక్కన పెట్టి, మా క్లబ్బులో నేను ఆడి చూసిన నాలుగు రాకెట్ల గురించి మాత్రమే చెబుతాను.

ఇక్కడి పద్ధతి కొంత చెబితే తప్ప, ఇంత ఖరీదైన రాకెట్లు నా చేతికి ఎలా వచ్చాయో మీకు అర్థం కాదు. డెన్మార్క్‌లో షటిల్ అంటే క్లబ్బు ఆట. మునిసిపాలిటీ హాలు, సభ్యులే నడుపుకునే క్లబ్బు, సీజనుకు ఒకసారి కట్టే చందా, వారంలో మనకంటూ కేటాయించిన సమయం, ఇదీ ఏర్పాటు. హాలు నేల మీద హ్యాండ్‌బాల్ గీతలు, బాస్కెట్‌బాల్ గీతలు, షటిల్ గీతలు వేర్వేరు రంగుల్లో ఒకదానిపై ఒకటి ఉంటాయి కాబట్టి, కొత్తగా వచ్చినవారికి తమ గీత ఏదో కళ్లకు అలవాటు కావడానికే కొంత సమయం పడుతుంది. తెల్లవారుజామున ఎవరో ఒకరు గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవడం, నలుగురు చేరగానే ఆట మొదలైపోవడం ఇక్కడ ఉండదు. ఆ పిలుపు లేని లోటు నాకు ఇప్పటికీ తీరలేదు.

అయితే ఒక విషయంలో ఇక్కడివారిని మెచ్చుకోకుండా ఉండలేను. సీజను మొదట్లో ఆట సామాను అమ్మే ఒక దుకాణం వారు పెద్ద సంచి నిండా రాకెట్లు తెచ్చి మా క్లబ్బులో ఉంచారు. గట్టింగ్ (తీగల అల్లిక) వేసి, గ్రిప్ చుట్టి సిద్ధంగా ఉన్న ఆ రాకెట్లను ఎవరైనా తీసుకుని, పూర్తి గేములు ఆడి, తిరిగి సంచిలో పెట్టవచ్చు. కొని తీరాలన్న ఒత్తిడి ఏమాత్రమూ లేదు. మన దగ్గర అయితే గట్టింగ్ లేని ఖాళీ ఫ్రేమును దుకాణంలోనే రెండుసార్లు గాలిలో ఊపి చూసి, అమ్మేవారి మాట మీద నమ్మకంతో పదిహేను వేలు లెక్కపెట్టి ఇచ్చి వస్తాం. గాలిలో ఊపితే ఏ రాకెట్ అయినా బాగానే ఉంటుంది. దాని అసలు గుణం షటిల్ కాక్ తగిలినప్పుడు, అందులోనూ మూడో గేములో చెయ్యి అలసినప్పుడు బయటపడుతుంది.

యోనెక్స్ కంపెనీ రాకెట్ల మీద 3యూ అని ఉంటే బరువు 85 నుంచి 89 గ్రాములనీ, 4యూ అని ఉంటే 80 నుంచి 84 గ్రాములనీ అర్థం. జీ పక్కనున్న అంకె పెరిగే కొద్దీ పిడి సన్నబడుతుంది. ఇవి చాలామందికి తెలిసినవే. కానీ చేతికి తెలిసేది మొత్తం బరువు కంటే ఆ బరువు ఏ చోట కూడి ఉందన్న సంగతే. రాకెట్‌ను చూపుడు వేలి మీద అడ్డంగా పెట్టి, ఎటూ ఒరగకుండా నిలిచిన చోటు పిడి చివర నుంచి ఎంత దూరముందో కొలవండి. సుమారు 285 మిల్లీమీటర్ల లోపు ఉంటే హెడ్ లైట్ (తల తేలిక) అని, 295 దాటితే హెడ్ హెవీ (తల బరువు) అని, ఈ రెండింటికీ మధ్య ఉంటే ఈవెన్ బ్యాలెన్స్ (సమతూకం) అని ఆటగాళ్లు లెక్క వేసుకుంటారు. నేను సంచిలో నుంచి తీసుకున్నవన్నీ 4యూ బరువువే; అన్నింటికీ బీజీ65 అనే ఒకే రకం గట్టింగే ఉండటం వల్ల పోలిక న్యాయంగా సాగింది.

మొదట తీసుకున్నది, మీరు ఊహించినట్టే, ఆక్సెల్సెన్ చేతిలో మనమంతా చూసిన ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్. టోక్యోలోనూ పారిస్‌లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన ఆటగాడి రాకెట్‌ను, అతను పుట్టిన ఊళ్లోనే చేతబట్టుకోవడం నాకు చిన్న సంతోషం కాదు. ఇది హెడ్ హెవీ రాకెట్; షాఫ్ట్ (పిడికీ తలకీ మధ్య ఉండే కడ్డీ) సన్నగా ఉన్నా ఏమాత్రం వంగదు. వెనుక గీత దగ్గర సమయం దొరికి, నేను కాక్ కిందికి బాగా జరిగి, నిండుగా చెయ్యి విసిరి కొట్టినప్పుడు స్మాష్ (పైనుంచి కిందికి బలంగా కొట్టే దెబ్బ) దిగిన కోణం చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఇక కాక్ కాస్త వెనక్కి పడి, ఆలస్యంగా అందుకున్నప్పుడు మాత్రం గునపంతో కొట్టినట్టు అదురు మోచేతి దాకా పాకింది. బిగుతైన షాఫ్ట్ వంగి తిరిగి రావాలంటే చేతి విసురులో గొప్ప వేగం ఉండాలి. ఆ వేగం ఉన్నవారికి అది కాక్‌ను చెప్పిన చోటికే పంపుతుంది, లేనివారికి బలమంతా భుజం నుంచే రావలసి వస్తుంది. ఆక్సెల్సెన్ ఎత్తు 194 సెంటీమీటర్లు, అతనిది సింగిల్స్ ఆట. మనం ఆదివారాలు ఆడేది డబుల్స్. అవతలివారు వరుసగా రెండు స్మాషులు ఒంటి మీదికి కొట్టినప్పుడు మొదటిదాన్ని ఆపగలిగాను కానీ, రెండోదానికి రాకెట్ తల సమయానికి లేవలేదు.

దాని తరువాత నానోఫ్లేర్ 800 పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే అనిపించింది. ఇది హెడ్ లైట్. ఫ్రేము సన్నగా ఉండటం వల్ల గాలిని సులువుగా కోసుకుంటూ పోతుంది. నెట్ దగ్గర డ్రైవులు (నెట్ మీదుగా నేరుగా వేగంగా కొట్టే దెబ్బలు), ఒంటి మీదికి వచ్చే స్మాషుల్ని తిప్పికొట్టడం, సర్వీసు అందుకుంటూనే ముందుకు దూకి నొక్కడం, ఇవన్నీ నేను అనుకున్న క్షణానికే జరిగిపోయాయి. హెడ్ లైట్ రాకెట్‌తో స్మాష్ పడదన్న మాట మా విజయవాడ కోర్టుల్లో చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. ఆ మాట నమ్మేవారికి మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతి గుర్తు చేయాలి. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో అతను కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకెక్కింది; 2013లో మలేషియాకు చెందిన టాన్ బూన్ హియాంగ్ నెలకొల్పిన 493 కిలోమీటర్ల రికార్డు దానితో చెరిగిపోయింది. సాత్విక్ ఆ దెబ్బ కొట్టింది నానోఫ్లేర్ 1000 జెడ్‌తో, అంటే హెడ్ లైట్ రాకెట్‌తోనే. తల తేలికైతే చెయ్యి వేగంగా తిరుగుతుంది, కాక్ వేగానికి చేతి వేగమే మూలం. బరువైన తల చేసే మేలు ఏమిటంటే, మధ్యరకం వేగంతో విసిరినా దెబ్బకు కాస్త నిండుదనం ఇస్తుంది. నానోఫ్లేర్‌తో వెనుక మూల నుంచి టాస్ (అవతలి వెనుక గీత దాకా ఎత్తుగా పంపే దెబ్బ) ఎత్తేటప్పుడు ఆ నిండుదనం తగ్గిందని నాకు స్పష్టంగా తెలిసింది. అలసిన తరువాత నా టాసులు అవతలి వెనుక గీత దాకా వెళ్లక, మధ్యలోనే దిగాయి.

నానోఫ్లేర్ 700 గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అదీ హెడ్ లైటే, షాఫ్ట్ కొంచెం వంగుతుంది, టాస్ సులువుగా లేస్తుంది. ఆట కొత్తగా మొదలుపెట్టేవారికి, భుజం నొప్పి ఉన్నవారికి ధైర్యంగా ఇవ్వవచ్చు.

నా మనసు నిలిచింది ఆర్క్‌సేబర్ 11 ప్రో మీద. ఈవెన్ బ్యాలెన్స్ కాబట్టి స్మాష్‌లో ఆస్ట్రాక్స్ అంత దూకుడూ, డిఫెన్స్‌లో నానోఫ్లేర్ అంత చురుకూ దీనికి లేవు. కానీ కాక్ తీగల మీద ఒక లిప్తపాటు ఎక్కువ ఆగి, ఎటు వెళ్లాలో మనల్ని అడిగి వెళ్లినట్టు ఉంటుంది. డ్రాప్ (నెట్టు దాటగానే పడేలా మెల్లగా వేసే దెబ్బ) వేసేటప్పుడు చివరి క్షణంలో మణికట్టు కొద్దిగా మళ్లిస్తే కాక్ నెట్టును ఆనుకుని అవతలికి జారిన తీరు చూసి, అవతలి కోర్టులో ఉన్న డానిష్ అమ్మాయి ఆట ఆపి నా రాకెట్ పేరు అడిగింది. నాకు ఆటలో స్మాష్ కంటే ఇటువంటి పాయింటే ఇష్టం, కనుక నా తీర్పులో ఆ ఇష్టం కూడా ఉందని మీరు గ్రహించాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. చలికాలంలో మా హాలులో ఉష్ణోగ్రత 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి కాక్ త్వరగా నెమ్మదిస్తుంది. అందుకే మన దగ్గర వేసవిలో 76, 77 నంబరు ఫెదర్ కాక్‌లతో ఆడితే, ఇక్కడ అంతకంటే వేగమైన 78 వంటివి వాడతారు. ఆట మొదలుపెట్టే ముందు వెనుక గీత మీద నిలబడి కింది నుంచి పైకి నిండుగా ఒక దెబ్బ కొడతారు. కాక్ అవతలి వెనుక గీతకు 530 నుంచి 990 మిల్లీమీటర్ల ముందు పడితే వేగం సరిపోయినట్టు. నిబంధనల్లో ఉన్న ఈ పరీక్షను మన ఊళ్లో ఎవరైనా చేయగా నేను చూడలేదు, ఇక్కడ ప్రతి వారమూ చేస్తారు. హీటర్ల వల్ల గాలి పొడిబారి ఈకలు పెళుసెక్కి విరిగిపోతాయని, కెటిల్‌లో మరిగే నీటి పైన కాక్‌ల డబ్బాను రెండు వైపులా మూతలు తీసి పట్టుకుని, ఆవిరి పట్టించి తెస్తారు. ఉక్కపోత తప్ప పొడిగాలి ఎరగని కృష్ణా తీరం నుంచి వచ్చిన నాకు, ఈకలకు ఆవిరి పట్టడం ఒక వింతే.

చలి కాక్‌తోనే ఆగదు, గట్టింగ్ కూడా బిగుసుకుంటుంది. మా క్లబ్బులో డెబ్బై దాటిన ఒక పెద్దాయన సామాను గదిలో గట్టింగ్ మిషను పెట్టుకుని సభ్యులకు తీగలు వేసి ఇస్తారు. ఇక్కడ టెన్షన్, అంటే తీగల బిగువు, కిలోల్లో చెబుతారు. నేను 24 పౌండ్లు అంటే ఆయన 11 కిలోలకు కొంచెం తక్కువ అని లెక్క కట్టుకున్నారు. సంచిలోని ఆర్క్‌సేబర్ నచ్చి, అటువంటిదే ఒకటి కొనుక్కుని ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. మొదట 0.68 మిల్లీమీటర్ల మందం ఉన్న బీజీ80ని 11.5 కిలోలకు బిగించి ఇచ్చారు. ఆ చలిలో కాక్ పలక మీద పడ్డట్టు టక్కున ఎగిరిపోయింది; నాకు నచ్చిన ఆ లిప్తపాటు ఆగడం మాయమైంది. తరువాత 0.70 మిల్లీమీటర్ల బీజీ65ని 10.5 కిలోలకు వేసి ఇచ్చేసరికి పోయిన రాకెట్ తిరిగి వచ్చింది. ఈ రెండు గట్టింగుల మధ్య నాకు కనిపించిన తేడా, ఆర్క్‌సేబర్‌కూ నానోఫ్లేర్‌కూ మధ్య ఉన్న తేడా కంటే పెద్దది. ఇరవై వేల ఫ్రేము కోసం నెలల తరబడి ఆలోచించి, గట్టింగ్ దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్యండి" అనే అలవాటు మనవాళ్లు మానుకోవాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఆ పెద్దాయన నేను ఏ ప్రాంతం నుంచి వచ్చానని అడిగారు. విజయవాడ అంటే తెలియలేదు. గోపీచంద్ పుట్టిన రాష్ట్రం అనగానే మిషను ఆపేసి తలెత్తి, 2001 ఆల్ ఇంగ్లండ్ టోర్నీ సెమీఫైనల్‌లో మా పీటర్ గేడ్‌ను ఓడించింది ఆయనే కదా అన్నారు. డెన్మార్క్ ఓపెన్‌ను ఇదే ఊళ్లో 2012లో సైనా, 2017లో శ్రీకాంత్ గెలిచిన సంగతి ఆయనకు గుర్తు చేశాను. శ్రీకాంత్ మా గుంటూరులో పెరిగినవాడని చెబుతున్నప్పుడు నా గొంతు కొంచెం పెద్దదైంది. ఆ రోజు ఆయన నా దగ్గర తీగ ఖరీదు తప్ప కూలి తీసుకోలేదు.

ధరల సంగతి కూడా చెబుతాను. ఒక డానిష్ క్రోన్‌ను సుమారు 13 రూపాయలుగా లెక్కవేస్తే, ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ నేను చూసిన ధర 1,600 క్రోన్లు, అంటే 20,800 రూపాయలు. ఇక్కడి ధరలో 25 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. దుకాణంలో గట్టింగ్‌కు తీగతో కలిపి 180 క్రోన్లు అడిగారు, అంటే 2,340 రూపాయలు. మన దగ్గర ఆరేడు వందలతో పోయే పని. కాబట్టి తమ్ముడూ, విదేశం నుంచి తెస్తే చవక అన్న ఆశ పెట్టుకోకు. నువ్వు ఆడేది డబుల్స్, పగలంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, కనుక నీకు నేను చెప్పేది ఆర్క్‌సేబర్ 7 ప్రో. నా దాని కంటే షాఫ్ట్ కొంచెం వంగుతుంది, బ్యాలెన్స్ మాత్రం అదే. 4యూ, జీ5 తీసుకుని, బీజీ65ని 24 పౌండ్లకు వేయించు. దుకాణంలో అదే రకానివి రెండు మూడు ఫ్రేములు అడిగి వేలి మీద నిలబెట్టి చూడు, ఒకే పేరున్న వాటిలోనూ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. ఉన్న గ్రిప్ మీదే మరో రెండు గ్రిప్పులు చుట్టే అలవాటు మానుకో, ఆ బరువుకు బ్యాలెన్స్ పిడి వైపు జరిగిపోతుంది. డబుల్స్‌లో వెనుక ఆడేవారి కోసం ఒకటి, ముందు ఆడేవారి కోసం ఒకటి అని జంటగా చేసిన ఆస్ట్రాక్స్ 88డి, 88ఎస్ కూడా ఆ సంచిలోనే ఉన్నాయి. వచ్చే వారం మిక్స్‌డ్ డబుల్స్‌లో ఆ రెండింటితో ఆడి, ఏది ఎలా ఉందో వేరే వీడియోలో చెబుతాను.