గుండె బలహీనంగా ఉన్నప్పుడు వ్యాయామం ఎంత జోరుగా చేయాలి?

నమస్కారం. గుండె పంపింగ్ తగ్గిందని డాక్టర్ చెప్పగానే చాలామంది ముందుగా మానేసేది నడక. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ మంచానికే పరిమితమైతే కాళ్ల కండరాలు కరిగిపోతాయి. అప్పుడు బాత్రూం దాకా వెళ్లినా ఆయాసమే. 2009లో వెలువడిన హెచ్ఎఫ్-యాక్షన్ అధ్యయనంలో 2,331 మంది పాల్గొన్నారు. అందరికీ ఎజెక్షన్ ఫ్రాక్షన్, అంటే గుండెలో నిండిన రక్తంలో ఒక్కోసారి కొట్టుకున్నప్పుడు బయటికి వెళ్లే వాటా, 35 శాతం, లేదా ఇంకా తక్కువ. అలాంటివాళ్లకు కూడా వ్యాయామం సురక్షితమేనని అందులో తేలింది. మరి ఎంత జోరుగా చేయాలి? ఈ వీడియో దాని గురించే.

ముందు ఒక లెక్క పక్కన పెట్టేయండి. 220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ నాడి వస్తుందంటారు కదా, ఆ సంఖ్య మీకు పనికిరాదు. ఎందుకంటే మీలో చాలామంది బీటా బ్లాకర్ మాత్రలు వేసుకుంటున్నారు. అవి నాడిని పెరగనివ్వవు. అరవై ఏళ్ల మనిషికి ఆ లెక్కలో 160 వస్తుంది. అదే మనిషి మాత్ర వేసుకుని ట్రెడ్‌మిల్ టెస్ట్ చేస్తే 110 దగ్గరే ఆగిపోవచ్చు. 160 కోసం పాకులాడితే ప్రమాదం కదా!

అందుకే మీ టెస్ట్‌లో వచ్చిన సంఖ్యలే తీసుకోవాలి. కూర్చున్నప్పుడు నాడి 60, టెస్ట్‌లో గరిష్ఠంగా 110 అనుకుందాం. తేడా 50. అందులో 40 శాతం అంటే 20. దాన్ని 60కి కలిపితే 80. అక్కడ మొదలుపెట్టండి. వారాలు గడిచేకొద్దీ, మీ టీమ్ సరేనంటే, 70 శాతం దాకా, అంటే 95 దాకా వెళ్లొచ్చు. టెస్ట్ రోజు మాత్రలు ఎలా వేసుకున్నారో వ్యాయామం చేసే రోజు కూడా అలాగే వేసుకోవాలి. లేదంటే ఈ లెక్క తప్పుతుంది.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్లకు నాడి లయ తప్పి కొట్టుకుంటుంది. వాళ్లు వాచీని నమ్ముకోకూడదు. వాళ్లకు, నిజానికి అందరికీ, బోర్గ్ స్కేల్ మంచి తోడు. ఎంత శ్రమగా అనిపిస్తోందో మీరే అంకె వేసుకునే కొలత అది, 6 నుంచి 20 దాకా ఉంటుంది. ఊరికే కూర్చుంటే 6, ఇక నావల్ల కాదు అనిపిస్తే 20. మీరు 11కీ 14కీ మధ్య ఉండాలి.

ఇప్పుడు చూడండి, నేను నిలబడ్డచోటే అడుగులు వేస్తూ మాట్లాడుతున్నాను. మాట పూర్తవుతోంది, మధ్యలో ఊపిరి వినిపిస్తోంది. ఇది సరైన జోరు. ఇంకాస్త పెంచుతాను... మాట... ముక్కలు... అవుతోంది. ఇక్కడ తగ్గించాలి. ఒక్కసారిగా ఆగిపోవద్దు, మెల్లగా తగ్గించండి. మొదట్లో, చివర్లో ఓ పది నిమిషాలు నిదానంగా నడవడం తప్పనిసరి.

జోరు పెంచి తగ్గించే ఇంటర్వెల్ పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. 2017 నాటి స్మార్టెక్స్ అధ్యయనంలో, మధ్యస్థ జోరుతో ఆగకుండా చేసే వ్యాయామం కన్నా అది మెరుగని తేలలేదు. పైగా ఆ జోరు గ్రూపులో సగానికి పైగా మంది చెప్పిన స్థాయిని అందుకోలేకపోయారు. కాబట్టి పక్కవాళ్లు అలా చేస్తున్నారని మీరు టెన్షన్ పడకండి.

ఐసీడీ, అంటే గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చేందుకు ఒంట్లో అమర్చే పరికరం ఉంటే, అది షాక్ ఇవ్వడానికి పెట్టిన నాడి పరిమితి ఎంతో తెలుసుకుని, దానికి 10 నుంచి 20 తక్కువలోనే ఉండండి. ఛాతీలో నొప్పి, తల తిరగడం, గుండె దడ వస్తే ఆ రోజుకి ఆపేయండి, డాక్టర్‌కి చెప్పండి. కూర్చున్నాక కూడా నొప్పి తగ్గకపోతే వెంటనే అత్యవసర సహాయం పిలవండి. మూడు రోజుల్లో 2 కిలోల బరువు పెరిగినా, కాళ్లు వాచినా అది ఒంట్లో నీరు చేరడం కావచ్చు. ఆ రోజు వ్యాయామం మొదలుపెట్టకండి, ముందు డాక్టర్‌కి ఫోన్ చేయండి.