వీధి దీపం వెలగడం లేదా? ఫిర్యాదు ఇలా చేయండి

[దృశ్యం: రాత్రివేళ కాలనీ సందు. ఇళ్లలో లైట్లున్నాయి, వీధి మాత్రం చీకటి.]

నమస్కారం. ఈ సందులోంచే పిల్లలు ట్యూషన్ నుంచి వస్తారు, పెద్దవాళ్లు మందుల షాపుకు వెళతారు. దీపం ఆరిన సంగతి అందరికీ తెలుసు. ఎవరో ఒకరు చెప్పే ఉంటారని ఎవరూ చెప్పరు. ఆ ఒక్కరు మీరే కావాలి.

ముందు సమస్య ఏ శాఖదో తేల్చుకోండి. సంబంధం లేని శాఖకు చేరిన ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది.

[తెరపై నంబర్లు]

చెత్త, వీధి దీపాలు, రోడ్డు మీద గుంతలు, దోమలు: జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ), 040-21111111. నల్లా నీళ్లు, మురుగు: జలమండలి, 155313. కరెంటు: 1912.

తికమక రెండు చోట్ల వస్తుంది. ఇళ్లలో కరెంటు ఉండి వీధి దీపం మాత్రమే ఆరితే జీహెచ్‌ఎంసీకి చెప్పాలి. ఇళ్లతో సహా వీధి వీధంతా చీకటైతే 1912. అలాగే మురుగు మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి చూస్తుంది, వాననీటి కాలువ పూడితే జీహెచ్‌ఎంసీ.

[దృశ్యం: ఫోను తెరపై మై జీహెచ్‌ఎంసీ యాప్]

యాప్‌లో మొబైల్ నంబరుతో లాగిన్ అయి, సమస్య రకం ఎంచుకుని, ఫొటో జతచేసి పంపాలి. అసలు మెలకువంతా చిరునామాలోనే ఉంది. ఇంటికెళ్లి తీరిగ్గా పంపితే లొకేషన్ మీ ఇంటిది పడవచ్చు. అక్కడే నిలబడి పంపండి, మ్యాప్ మీద గుర్తు సరిగ్గా ఉందో లేదో చూడండి.

[దగ్గరి దృశ్యం: స్తంభం మీద రాసిన నంబరు]

స్తంభానికి నంబరుంటే అదీ రాయండి. రెండు ఫొటోలు తీయండి: ఒకటి దగ్గర నుంచి, రెండోది పక్కనున్న దుకాణం బోర్డు కనిపించేలా. మెహిదీపట్నం, అత్తాపూర్ వైపు వాళ్లకైతే ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు ఉండనే ఉంది. దాన్ని మించిన గుర్తు లేదు. "మా వీధిలో లైట్లు లేవు" అని రాస్తే వచ్చిన మనిషి వెతుక్కోవాలి. "గుడి దాటాక రెండో ఎడమ సందు, మూడో స్తంభం" అని రాస్తే నేరుగా నిచ్చెన వేస్తాడు.

యాప్ రానివాళ్లు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పవచ్చు. ఫిర్యాదు నంబరు మాత్రం తప్పకుండా అడిగి రాసుకోండి.

ఒక్క మాట. మూతలేని మ్యాన్‌హోల్, తెగి వేలాడే కరెంటు తీగ కనిపిస్తే యాప్ తెరుస్తూ కూర్చోకండి. వెంటనే ఫోన్ చేయండి, ఎవరూ అటు వెళ్లకుండా చూడండి. వానాకాలంలో నీళ్లు నిలిస్తే ఆ గొయ్యి కంటికి కనిపించదు. ప్రాణాపాయమైతే 112, అంబులెన్సుకు 108, మంటలకు 101.

[దృశ్యం: ఫిర్యాదు పరిష్కారమైందంటూ వచ్చిన సందేశం]

ఇలాంటి సందేశం వస్తే బయటికెళ్లి చూడండి. పని నిజంగా జరిగితే సరే. జరగకపోతే కొత్త ఫొటో తీసి, పాత నంబరు చెప్పి మళ్లీ ఫిర్యాదు చేయండి. మొహమాటం వద్దు, అది మన హక్కు. అప్పటికీ కదలిక లేకపోతే సోమవారం జీహెచ్‌ఎంసీ ప్రజావాణి ఉంటుంది, అక్కడ అధికారులు నేరుగా అర్జీలు తీసుకుంటారు. అర్జీతో పాటు ఫిర్యాదు నంబర్లు, తేదీలు, ఫొటోలు తీసుకెళ్లండి. వీలైతే ఇరుగుపొరుగు వాళ్లతోనూ సంతకాలు చేయించండి.