పాట సరే, ఆ వీడియో సంగతేంది? నెల్లూరు స్టూడియోలో బీటిల్స్ మీద చర్చ

(నెల్లూరు లోకల్ చానెల్ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. కావలి నుంచి రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన, నెల్లూరు ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించే ఆయన, ఒంగోల్లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే అమ్మాయి వచ్చారు. మాట్లాడింది మాట్లాడినట్టే టైప్ చేశాం.)

యాంకర్: అందరికీ నమస్కారం. బీటిల్స్ అంటే జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, ఈ నలుగురి ఇంగ్లీషు బ్యాండు, జాన్, జార్జ్ ఇప్పుడు లేరు. వాళ్ళ చివరి పాట నౌ అండ్ దెన్ 2023 నవంబర్ 2న వచ్చింది, వీడియో మర్నాడొచ్చింది, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ తీసిన పీటర్ జాక్సన్ తీశాడు. పాట ఇంగ్లండులో నంబర్ వన్ అయింది, వాళ్ళకి 1969 తర్వాత మళ్ళీ అదే, 2025లో గ్రామీ కూడా వచ్చింది. పాట మీద పెద్ద గొడవ లేదు గానీ వీడియో దగ్గరికొచ్చేసరికి ఫ్యాన్స్ చీలిపోయారు, కొందరు ఏడ్చామన్నారు, కొందరు మధ్యలో ఆపేశామన్నారు, ఆ వాదన ఇంకా నడుస్తానే ఉంది. మాస్టారూ, మీరెట్టా చూశారు?

లెక్చరర్: మధ్యలో ఆపేసినవాళ్ళలో నేనొకణ్ణయ్యా. నాకు బీటిల్స్ అంటే మద్రాసు మూర్ మార్కెట్. 70ల్లో కావలి నుంచి రైలెక్కి పోయి, సెంట్రల్ స్టేషన్ పక్కనే గదా, పాత రికార్డులు ఏరుకొచ్చేవాళ్ళం, ఆ మార్కెట్టూ 1985లో తగలబడిపోయింది. మాకు వాళ్ళ మొహాలు రికార్డు అట్ట మీదే, కదిలే బొమ్మ చూసింది ఎన్నో ఏళ్ళ తర్వాత. అందుకని ఈ వీడియో మొదలవ్వగానే, 1995లో పాల్, జార్జ్, రింగో ముగ్గురూ కూర్చుని ఇదే పాట మీద పనిచేస్తా ఉండే ఫుటేజీ, అది నేనెప్పుడూ చూళ్ళేదు, జార్జ్ గిటార్ పట్టుకుని ఉండాడు, 2001లో పోయిన మనిషి, గొంతు పూడుకుపోయింది నాకు. అంతలో ఉన్నట్టుండి 1967 నాటి జాన్ వస్తాడు, ఆ రంగురంగుల బ్యాండుమేళం డ్రెస్సులో, ముసలి పాల్ పక్కన ఎగురుతా, వంకర్లు పోతా. చూళ్ళేక ఆపేశా.

గిటారిస్టు: మాస్టారూ, నాకు అదే నచ్చింది. జాన్ అంటే అంతే గదా, ఎవరైనా సీరియస్‌గా కూర్చుంటే వెనక నుంచి వచ్చి వెక్కిరించే మనిషి. పీటర్ జాక్సన్ కూడా అదే చెప్పాడు, బీటిల్స్ ఎప్పుడూ తమని తామే ఎగతాళి చేసుకునేవాళ్ళు, వాళ్ళతో కలిసి మనమూ నవ్వాలి అని. ఏడుపు పాటకి ఏడుపు వీడియో తియ్యడం చాలా తేలికండీ.

లెక్చరర్: ఎగతాళి చేసేది బతికుండే మనిషి నాయనా. పోయినాయన్ని పట్టుకొచ్చి చేయించేది వేరే.

యాంకర్: ఒక్క నిమిషం. చాలామంది ఇంకా జాన్ గొంతే కంప్యూటర్లో తయారుచేశారనుకుంటా ఉన్నారు. అది ముందు తేల్చండి అన్నా.

గిటారిస్టు: తయారుచేసింది కాదు, వంద శాతం ఆయన గొంతే. 70ల చివర్లో న్యూయార్క్‌లో డకోటా అనే బిల్డింగులో, ఆయన ఇంట్లోనే, పియానో వాయించుకుంటా క్యాసెట్‌లో పాడి పెట్టుకున్నాడు. 1980లో ఆయన పోయాక 1994లో ఆయన భార్య యోకో ఆ క్యాసెట్లు పాల్‌కిచ్చింది. అందులోవే ఫ్రీ యాజ్ ఎ బర్డ్, రియల్ లవ్, ఆ రెండూ 95, 96ల్లో వచ్చేశాయి, ఇది మాత్రం కుదరలేదు, ఎందుకంటే పియానో గొంతు మీదకెక్కేస్తా ఉంది, పైన కరెంటు గుయ్‌మనే హమ్ము. మేము పాత క్యాసెట్ నుంచి ట్రాక్ తీసుకోవాలంటే ఇదే తలనొప్పి, హమ్ము తగ్గించబోతే గొంతు కూడా పోతుంది. బీటిల్స్ మీదే తీసిన గెట్ బ్యాక్ డాక్యుమెంటరీకి జాక్సన్ టీమ్ ఒక సాఫ్ట్‌వేర్ చేసుకుంది, ఇది గొంతు, ఇది పియానో అని దానికి నేర్పించి విడగొట్టేది, దాంతో ఈ గొంతు విడిగా వచ్చేసింది. 2023 జూన్‌లో పాల్ రేడియోలో ఏఐ అన్నాడు, ఆ ఒక్క మాటతో ప్రపంచమంతా భయపడింది, తర్వాత ఆయనే ఏదీ కృత్రిమంగా పుట్టించలేదు అని చెప్పుకోవాల్సొచ్చింది. ఇంకోటి, మధ్యలో వచ్చే స్లైడ్ గిటార్ పాల్ వాయించాడు, జార్జ్ పద్ధతిలో, జార్జ్‌ని తలుచుకుంటా. నేను ఆ బిట్ ప్రాక్టీస్ చేస్తా ఉండా, నోట్లు కష్టం కాదు, ఆ నిదానం రావడంలేదు.

యాంకర్: మేడమ్, ఎడిటర్‌గా మీరు చెప్పండి, అతికించడం సరిగ్గా రాలేదనే కంప్లయింట్ కూడా ఉంది గదా.

ఎడిటర్: ఉంది, కొన్ని చోట్ల నాకూ తెలిసిపోయింది. ఎక్కడో 67లో ఏ లైట్ కిందో తీసిన మనిషిని కట్ చేసి ఇప్పటి స్టూడియోలో నిలబెడితే నీడ కలవదు, కళ్ళు ఎటో చూస్తా ఉంటాయి, ఎదురుగా ఉన్నవాళ్ళని చూడవు, అదే మనకి తేడా కొడుతుంది. కానీ నా బాధ టెక్నిక్ గురించి కాదు సార్. ఈమధ్య మా షాపుకి ఎక్కువగా వచ్చే పని ఇదే, పోయినవాళ్ళని పెళ్ళి వీడియోలో పెట్టమని. ఒకమ్మాయి పెళ్ళికి ముందే వాళ్ళ నాన్న పోయాడు, అక్కా, నాన్నొచ్చి అక్షింతలు వేస్తున్నట్టు పెట్టండి అనింది. ఫొటో నుంచి కదిలించి, నవ్వించి, రెండు సెకండ్లే పెట్టా, రాత్రంతా కూర్చుని. ఆ పిల్ల చూసి నన్ను పట్టుకుని ఏడ్చింది, మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. వాళ్ళమ్మ చూసి ఏమీ మాట్లాడలా, కాసేపాగి, మా ఆయన అట్టా నవ్వడమ్మా, తీసెయ్ అనింది. చివరికి రెండు కాపీలు ఇచ్చా, కూతురికి ఒకటి, తల్లికి ఒకటి. ఈ బీటిల్స్ గొడవ చదువుతా ఉంటే నాకు ఆ ఇద్దరే కనపడ్డారు.

లెక్చరర్: ఆ తల్లి మాటే తల్లీ నేను చెప్పేది.

ఎడిటర్: కానీ సార్, ఒక తేడా ఉంది. నేను ఆ నవ్వు పుట్టించా, ఆయన నవ్వలా. జాన్ మాత్రం 67లో నిజంగానే అట్టా గెంతాడు కెమెరా ముందు. మనిషి నిజం, నిలబెట్టిన చోటే నిజం కాదు. మళ్ళీ ఇంట్లోవాళ్ళు దగ్గరుండి ఇచ్చిన ఫుటేజీ కూడా ఉంది ఇందులో, జాన్ కొడుకు షాన్, జార్జ్ భార్య ఒలీవియా ఇళ్ళల్లో వెతికి తీసిచ్చారు. రింగో కంటే ముందు డ్రమ్మర్ పీట్ బెస్ట్ దగ్గర్నుంచి తోలు జాకెట్ల రోజుల బిట్ వచ్చింది, కొన్ని సెకండ్లే, ఎవరూ చూడనిది.

గిటారిస్టు: ఇంట్లోవాళ్ళ ఒప్పుకోలు అనేది నెల్లూరోళ్ళకి చెప్పాల్సిన పనిలేదు. బాలుగారు మనోరు. తిప్పరాజువారి వీధిలో ఇల్లు వేద పాఠశాలకి రాసిచ్చిన మనిషి, పోయాక ఇక్కడి ప్రభుత్వ సంగీత పాఠశాలకి ఆయన పేరే పెట్టారు. అట్టాంటి గొంతుని 2023లో ఒక తెలుగు సినిమాలో ఏఐతో పుట్టించి వాడారు, కుటుంబాన్ని అడగలేదని బాలుగారబ్బాయి చరణ్‌గారు లీగల్ నోటీసు పంపించారు. నేను స్టేజీ మీద ఆయన పాటలకి ఎన్నేళ్ళ నుంచో వాయిస్తా ఉండా, ఆ వార్త చదివి ఆరోజు రాత్రి ప్రోగ్రాంలో చెయ్యాడలేదు నాకు. రెహమాన్ లాల్ సలామ్ సినిమాలో చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడాడు, కానీ కుటుంబాలని అడిగాడు, డబ్బులిచ్చాడు. బీటిల్స్ వాళ్ళయితే ఇంకా మేలు, ఉన్న గొంతునే కడిగారు.

యాంకర్: 2023 సెప్టెంబర్‌లోనే రోలింగ్ స్టోన్స్ అనే ఇంకో బ్యాండు యాంగ్రీ పాట వీడియోలో కూడా హోర్డింగుల మీద వాళ్ళ గాయకుడు మిక్ జాగర్‌ని కుర్రప్పటి రూపంలో పెట్టి కొత్త పాట పాడించారు, దానికి ఇంత బాధ కనపడలేదే?

ఎడిటర్: జాగర్ ఉన్నాడు గదండీ. నచ్చకపోతే ఆయనే వద్దనేవాడు.

లెక్చరర్: అద్గదీ.

యాంకర్: మాస్టారూ, మీరు మధ్యలో ఆపేశానన్నారు, మరి చివర చూళ్ళేదా?

లెక్చరర్: చూళ్ళేదు.

యాంకర్: ఆ చివర ఒక్కటి వెయ్యండి బాబూ.

(స్టూడియో స్క్రీన్ మీద చివరి భాగం వేశారు. నలుగురూ స్టేజీ మీద నిలబడి వంగి నమస్కారం పెడతారు, అట్టానే మాయమైపోతారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

లెక్చరర్: ...ఇది బాగుండాది. ఇక్కడ వాళ్ళ పక్కన ఎవరినీ అతికించలేదు చూడండి, నలుగురూ కుర్రోళ్ళే, నలుగురూ ఒకే చోట, ఒకే రోజు.

యాంకర్: మొత్తం మొదటి నుంచి వెయ్యమంటారా సార్?

లెక్చరర్: వెయ్యి నాయనా. బొమ్మ ఆపేసి పాట ఒక్కటే వెయ్యి.